ఒగ్గుకథ విననీకి కొమురెల్లి తొవ్వలో



సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారానికి కొమురవెల్లిలో పట్నం వారం అని పేరు. ఆ రోజు హైదరాబాదు వాళ్లు బోనాలతో మల్లన్న దేవుడి దగ్గరికి వస్తారు. మరుసటి ఆదివారం లష్కర్ వారం. అది సికింద్రాబాదు వాళ్ల వంతు. అక్కడి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారమూ జాతరే. గొల్లలు, కురుమలు ముందు నడుస్తారు, మిగతా కులాల వాళ్లూ కదులుతారు. ఇళ్లల్లో సకినాల డబ్బాలు ఖాళీ కాకముందే డీసీఎంలు, ట్రాక్టర్లు, ఆటోలు రోడ్డెక్కుతాయి. అట్లాంటి ఒక పట్నం వారం నాడు భువనగిరి నుంచి కొమురవెల్లికి పోయిన ముచ్చట ఈ పూట మీతో చెప్పుకుంటాను. బండిలో ఉన్నవాళ్లంతా మొక్కు చెల్లించడానికి బయల్దేరారు. నేనొక్కణ్ని కథ వినడానికి బయల్దేరాను.

డోలు మీద దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గుకథ మీద నాకు మనసు పడేటట్టు చేసింది రేడియోనే. మా ఇంట్లో గూట్లో ఉండే రేడియోలో సాయంత్రం పూట జానపద సంగీతం వచ్చేది. కోలాటం పాట వచ్చినా, నాట్ల పాట వచ్చినా ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. ఒగ్గు డోలు మోగితే మాత్రం మా నాయిన చేతిలో పని ఆపి గూటి దగ్గరికి వచ్చి నిలబడేవాడు. "సత్తయ్యనే, సప్పుడు చేయకుండ్రి" అని మమ్మల్ని గదమాయించేవాడు. ఆయన చుక్క సత్తయ్య. 1935లో ఇప్పటి జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యపురంలో పుట్టి, 2017 నవంబరులో కన్నుమూసిన కథకుడు. కురుమల ఇళ్లల్లో, మల్లన్న కొలువుల్లో, బీరప్ప గుళ్ల ముందు తెల్లవార్లూ సాగే కథను సభల మీదికి, ఆకాశవాణికి, దూరదర్శన్‌కు నడిపించుకొచ్చిన మనిషి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలతో ఆగకుండా రామాయణ భారతాల కథలను కూడా ఒగ్గు బాణీలో చెప్పాడు. 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనకు దక్కింది. గొల్ల, కురుమ కులాల్లో పుట్టనివాళ్లకు, మల్లన్నకు మొక్కనివాళ్లకు కూడా ఒగ్గుకథ మీద అభిమానం పుట్టిందంటే అందులో ఆయన చలవ చాలా ఉంది.

రేడియోలో విన్నవాళ్లకు ఒక రోగం పట్టుకుంటుంది. గొంతు విన్నాం, మనిషిని చూడాలి అనిపిస్తుంది. అమెరికాలో పల్లె సంగీతం అభిమానులదీ ఇదే కథ. 1925లో నాష్‌విల్ పట్టణంలోని డబ్ల్యుఎస్ఎం అనే రేడియో కేంద్రం శనివారం రాత్రుళ్లు ఫిడేలు, బాంజో పాటలు వినిపించడం మొదలుపెట్టింది. తర్వాత దానికే గ్రాండ్ ఓల్ ఓప్రీ అని పేరు స్థిరపడింది. దూర దూరాల రైతులు, గని కార్మికులు రేడియోలో విని, ఆ పాడేవాళ్లను కళ్లారా చూద్దామని బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. 1943 నుంచి 1974 దాకా ఆ కచేరీ రైమన్ ఆడిటోరియంలో జరిగింది. 1892లో క్రైస్తవ ప్రార్థనల కోసం కట్టిన మందిరం అది. చర్చి బల్లల మీద కూర్చొని జనం కల్లు పాటలూ, కన్నీటి పాటలూ విన్నారు. దేవుడి చోటుకూ పల్లె పాటకూ ఉన్న చుట్టరికం ఒక్క మన దగ్గరే లేదన్నమాట.

ఇక మా ప్రయాణం. మా వాడకట్టులో ఒక కురుమ పెద్దయ్య ఉన్నాడు. మనుమడు పుట్టినందుకు కొమురవెల్లిలో బోనం చేస్తానని మొక్కుకున్నాడు. "నువ్వు కథలంటే చెవి కోసుకుంటవు గద, మా బండిల రారాదు" అన్నాడు. తెల్లవారు జామున బయల్దేరుదాం అనుకున్న బండి, బోనం కుండకు సున్నం బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, చుట్టాలందరూ కూడేసరికి పొద్దు బారెడు ఎక్కినాక కదిలింది. డీసీఎంలో వరిగడ్డి పరిచి, పైన జంపఖానా వేశారు. ఆడవాళ్లు ఒక దిక్కు, పిల్లలు మధ్యలో, సద్ది మూటలు మూలకు. డ్రైవర్ తమ్ముడు క్యాబిన్ మీద పెద్ద సౌండు బాక్సు కట్టాడు. అందులో మల్లన్న పాటలే, కాకపోతే డీజే దరువులో. ఎముకలు అదిరిపోతున్నాయి. బండిలోని ముసలవ్వ చెవుల్లో కొంగు కుక్కుకుంది.

భువనగిరి గుట్ట వెనకబడింది. పశ్చిమ చాళుక్యుల కాలపు కోటను నెత్తిన మోస్తున్న ఆ ఏకశిల కింద పుట్టినవాళ్లకు పాట కొత్త కాదు. 1944లో పదకొండో ఆంధ్ర మహాసభ మా ఊళ్లోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి మా పక్కనున్న బొల్లేపల్లి బిడ్డ. ఆ రోజుల రైతాంగ ఉద్యమం ఊరూరికీ ఎక్కింది పాట మీదనే. ఆలేరుకు అవతల గుండాల మండలం సుద్దాలలో స్థిరపడిన హనుమంతు గొల్లసుద్దుల బాణీని, బుర్రకథ బాణీని తీసుకొని దొరల మీద ఎక్కుపెట్టాడు. పశువులు కాసే పిల్లవాడి మీద ఆయన రాసిన పాటను మా భూమి సినిమా రాష్ట్రమంతా వినిపించింది. తర్వాతి తరంలో మా స్పిన్నింగు మిల్లు కార్మికురాలు బెల్లి లలిత తెలంగాణ కోసం గొంతెత్తి, 1999లో దారుణంగా హత్యకు గురైంది. పాట పాడినందుకు ప్రాణం ఇచ్చినవాళ్లున్న ఊరు మాది. అందుకే పాట వినడానికి ఇంత దూరమా అని మా దగ్గర ఎవరూ అడగరు.

రాయగిరి దాటి యాదగిరిగుట్ట మలుపు దాకా ఆదివారం రద్దీ. వంగపల్లి దాటినాక డ్రైవర్ తమ్ముడు కొంచెం తోలడం మొదలుపెట్టాడు. ఆలేరు ఇంక వస్తుందనగా వెనక టైరు పెద్ద చప్పుడుతో పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ సకినాల డబ్బా బోర్లా పడి గడ్డిలో కలిసిపోయింది. స్టెప్నీ చూస్తే అందులో గాలి లేదు. చిన్నగా నడిపించుకుంటూ పోయి రోడ్డు పక్క పంక్చర్ దుకాణం ముందు ఆపాం.

అక్కడ మాకంటే ముందే ఒక ఆటో ఆగి ఉంది. దాని ఇంజను విప్పి నేల మీద పరిచారు. పక్కన వేపచెట్టు కింద నలుగురు మగవాళ్లు కూర్చున్నారు. వాళ్ల పక్కన గుడ్డ కప్పిన రెండు డోళ్లు, తాళాలు, ఒక నపీర, మెడకు వేలాడేసుకునే గవ్వల సంచి. పెద్దయ్య కళ్లు ముందు ఆ సంచి మీదనే పడ్డాయి. "ఒగ్గోళ్లా బిడ్డా?" అన్నాడు. అరవై దాటిన కథకుడు లేచి దండం పెట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చే ఒక కుటుంబం వీళ్లను కొమురవెల్లిలో పట్నం అనే రంగుల ముగ్గు వేయడానికి, కథ చెప్పడానికి పిలిపించుకుంది. పొద్దుగూకేసరికి అక్కడ ఉండాలి. ఆటో చూస్తే లేచేటట్టు లేదు. బస్సెక్కుదామంటే జాతర బస్సుల్లో డోళ్లతో కాలు పెట్టే జాగ లేదు.

"మీ బండిల జెర జాగ ఉంటదా పెద్దయ్యా?"

"మల్లన్న కొలువుకు పోయేటోళ్లకు జాగ లేదంటే నా మొక్కు చెల్లుతదా? ఎక్కుండ్రి."

కథ వినడానికి పోతున్న నాకు, కథకులే తొవ్వలో దొరికారు. టైరు అతుకు పడేదాకా నేను ఆ పెద్దమనిషి పక్కనుంచి కదల్లేదు.

డోళ్లను కింద పెట్టడానికి వాళ్లు ఒప్పుకోలేదు. కాళ్లు తగులుతాయని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. బండి కదలగానే డ్రైవర్ మళ్లీ డీజే వేశాడు. ముసలవ్వ క్యాబిన్ రేకు మీద దబదబా బాది "ఓ పోరగా, అసలోళ్లు బండిల ఉంటే ఆ డబ్బా ఎందుకురా, బంద్ చేయ్" అంది. డబ్బా బందైంది. బండి మొత్తం కథకుడి ముఖం చూసింది. నేనే నోరు తెరిచి అడిగాను, మల్లన్నకు మేడలమ్మతో జరిగే పెళ్లి ఘట్టం కొంచెం వినిపించరాదా అని.

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. "అది పట్నం మీద పాడేది అయ్యా. దేవుని పెండ్లి బండ్ల చేస్తమా? ముచ్చట పెట్టుకుంటా పోదాం, మాటలు ఎన్నంటే అన్ని చెప్త."

చెప్పాడు కూడా. మేనమామ వెంట తిరిగి నేర్చుకున్నాడట. మొదట తాళం పట్టుకోవాలి. తాళం కుదిరితే వంత పాడనిస్తారు. వంతలో నవ్వించడం వస్తేనే, జనం గొంతు తెలుసుకుంటేనే కథ నడిపే కాలం వస్తుంది. ప్రధాన కథకుడు కథను ఎత్తుకుంటాడు, పక్కవాడు ప్రశ్న వేసి, కొంటె మాట విసిరి ముందుకు తోస్తాడు. ఒకే మనిషి ఒక గడియ రాజు, ఒక గడియ బిచ్చగాడు, తువ్వాల కొంగుగా తీసి కప్పుకుంటే మల్లన్నను కన్న నీలమ్మ తల్లి. కాళ్లకు గజ్జెలు కట్టాక రాత్రంతా కూర్చునేది లేదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా దొరికే ఈ కొలువులే ఏడాదికంతా ఆదరువు. మిగతా నెలల్లో ఒకరు గొర్లు కాస్తారు, ఒకరు సుతారి పనికి పోతారు, చిన్న డోలు పిల్లవాడు హైదరాబాదులో డెలివరీ బండి నడుపుతాడు.

జనగామలో చాయ్‌కి ఆగాం. కథకుడు గ్లాసు పట్టుకొని లింగాల ఘనపురం దిక్కు చూపించి, "మా గురువులకు గురువు సత్తయ్యది అటు దిక్కే" అన్నాడు. చిన్నప్పుడు ఆయన కథ వినడానికి రాత్రి పూట ఊళ్లు దాటి నడిచిపోయేవాళ్లమని చెప్పాడు. కథకుడికి కూడా ఒకప్పుడు నాలాంటి రోగమే ఉండేదని అప్పుడు తెలిసింది. అదే జిల్లాలో దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య ఊరు. ఆయనకు 2024లో పద్మశ్రీ వచ్చింది. జనగామకు ఈ వైపు పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవుళ్లను కొట్టి తీస్తారు, ఆ వైపు చేర్యాలలో గుడ్డ మీద దేవుళ్లను గీస్తారు, మధ్యలో గొంతుతో, గజ్జెతో దేవుళ్లను దింపేవాళ్లున్నారు. తెలంగాణలో కథ చెప్పే విద్యకు ఈ నేల పుట్టిల్లు వంటిది.

చేర్యాల రోడ్డు మీద ఇంకో ఆటంకం. రోడ్డు నిండా గొర్లు. అటు అంచు నుంచి ఇటు అంచు దాకా మంద. డ్రైవర్ తమ్ముడికి అప్పటికే ఆలస్యమైందని గాభరా. హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. వెనక నుంచి బండి బండంతా ఆయన మీద పడింది.

"గొర్లకు హారన్ కొట్టుకుంట గొర్ల దేవుని దగ్గరికి పోతవా? ఏం మనిషివిరా!"

హారన్ ఆగింది. మంద తనకు తోచినంత సేపు నడిచింది. గొర్లకాపరి బండి పక్కకు వచ్చి డోళ్లను చూసి గొంగడి సర్దుకున్నాడు. రొంటిన ముడి విప్పి పది రూపాయల నోటు తీసి కథకుడి చేతిలో పెట్టాడు. "మందను ఇడిసి రానీకి లేదు. నా పేరు మీద హుండీల వెయ్యి అన్నా, తిరిగి వచ్చేటప్పుడు జెరంత బండారి తెచ్చియ్యి" అన్నాడు. ఆ నోటును కథకుడు జేబులో వేసుకోలేదు. గవ్వల సంచిలో పెట్టుకున్నాడు.

చేర్యాలలో ఆగడానికి వ్యవధి లేదు గానీ ఆ ఊరి సంగతి రెండు మాటలు చెప్పక తప్పదు. నకాషీ కుటుంబాలు మూరలకు మూరలు సాగే పటాల మీద కులపురాణాలు బొమ్మలుగా వేస్తాయి. ఆ పటం విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పడానికి చాలా కులాలకు ఒక్కో ఆశ్రిత కులం ఉంది. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెప్తారు. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం వినిపిస్తారు. గొల్లలకు మందహెచ్చుల వాళ్లు కొయ్యబొమ్మలు పెట్టుకొని కాటమరాజు కథ చెప్తారు. వీళ్లెవరూ పిలిస్తే పాడి పోయేవాళ్లు కాదు. ఫలానా ఊళ్లో, ఫలానా కుటుంబాల దగ్గర కథ చెప్పి కట్నం తీసుకునే హక్కు వాళ్లది. వాళ్లను వచ్చేదాకా చూసి, తిండి పెట్టి, వినడం ఆ కుటుంబాల బాధ్యత. కళాకారుడు, అభిమాని అనే లెక్క అందులో లేదు. అన్నదమ్ముల పాళ్ల వంటి లెక్క అది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను. దాని బరువు మాత్రం ఆ సాయంత్రం కొమురవెల్లిలో తెలిసింది.

కొమురవెల్లి గుట్ట ఇంకా కిలోమీటర్ల దూరంలో ఉండగానే బండ్లు బారులు తీరాయి. ముందుకు కదిలే దారి లేదు. పొద్దు వాలుతోంది. కథకుడు దిగి నడుస్తామన్నాడు. పెద్ద డోలు మోసే మనిషికి నడుం పట్టేసింది. ఆ డోలు నా భుజానికి ఎత్తుకున్నాను. జనం మధ్యలో నడుస్తుంటే ఎదురైనవాళ్లు డోలును చూసి పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. కొందరు డోలును తాకి కళ్లకద్దుకున్నారు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. అంత మర్యాద మోసిన వస్తువుకే గానీ మోసినవాడికి కాదని అర్థమైంది.

పిలిపించుకున్న కుటుంబం ఒక చెట్టు కింద టెంటు వేసుకొని కూర్చుంది. ఇంటి యజమాని కోపంతో ఉన్నాడు. "పగటీలికే వస్తమంటిరి" అని మొదలుపెట్టాడు. కథకుడు బదులు చెప్పలేదు. గొర్లకాపరి ఇచ్చిన నోటు తీసి ఇంటావిడ చేతికిచ్చి, ఇది హుండీలో వేసి రమ్మన్నాడు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని నేల ఊడవడం మొదలుపెట్టాడు. యజమాని మాట అక్కడితో ఆగిపోయింది.

పట్నం వేయడం చూడనివాళ్లకు చెప్తాను. అలికిన నేల మీద తెల్లగా బియ్యప్పిండి, పచ్చగా పసుపు, ఎర్రగా కుంకుమ, ఆకుపచ్చగా ఆకుపొడి, నల్లగా బొగ్గుపొడి. గుప్పిట్లోంచి పిండి వదులుతూ గీతల మీద గీతలు గీసుకుంటూ పోతారు. కొలబద్ద ఉండదు. చూస్తుండగానే నేల మీద గడులు, కోట గోడలు, వాకిళ్లు లేస్తాయి. ఆ పట్నం మీదనే మల్లన్నకు ఒక పక్క లింగ బలిజల ఆడబిడ్డ మేడలమ్మను, ఇంకో పక్క గొల్లల ఆడబిడ్డ కేతమ్మను ఇచ్చి పెళ్లి జరిపిస్తారు. వ్యాపారం చేసే కులం, మంద కాసే కులం ఒకే దేవుడి ఇంట వియ్యమందుతాయి. ఈ దేవుడు మన ఒక్కరి సొత్తు కూడా కాదు. మహారాష్ట్రలో జెజూరి ఖండోబా ఈయనే. అక్కడ మ్హాళసా, ధన్‌గర్ల బిడ్డ బాణాయి భార్యలు. కర్ణాటకలో మైలార లింగడు ఈయనే. మూడు భాషల గొర్లకాపరులు ఒకే పసుపును నుదుటికి పెట్టుకుంటారు. అక్కడ భండార అంటే ఇక్కడ బండారి.

కథ మొదలైంది. మల్లన్న తల్లిదండ్రులు ఆదిరెడ్డి, నీలమ్మ పిల్లలు లేక పడిన బాధ దగ్గర మా ముసలవ్వ కళ్లు ఒత్తుకుంది. మనుమడి మొక్కు చెల్లించడానికి వచ్చిన మనిషి కదా, ఆ బాధ ఆమెకు తెలుసు. మా బండి వాళ్లందరూ అప్పటికి వెతుక్కుంటూ వచ్చి చేరారు. కథకులను మోసుకొచ్చిన బండి వాళ్లని యజమాని మమ్మల్ని టెంటు కిందికి పిలిచి, పళ్లెంలో అన్నం పెట్టించాడు.

నడిరాత్రి దాటాక మల్లన్న గుర్రమెక్కి పెళ్లికి బయల్దేరే ఘట్టం వచ్చింది. వంతవాడు అడిగాడు, దేవుడు ఇంత ఆలస్యంగా వచ్చాడేమి అని. కథకుడు ఒక్క క్షణం మా దిక్కు చూశాడు. మల్లన్న గుర్రం నాడా ఆలేరు దగ్గర ఊడిపోయింది అన్నాడు. నాడా కొట్టే కమ్మరి తీరిగ్గా పని చేశాడు, ఒక ముసలమ్మ దేవుడికి సకినాలు పెట్టబోతే అవి గడ్డిలో పడ్డాయి, భోనగిరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు దేవుడి డోలు మోశాడు, తొవ్వలో గొర్లు అడ్డమొస్తే దేవుడే గుర్రం దిగి వాటి వెంట నడిచాడు. మా పగటి ప్రయాణమంతా నడిరాత్రికి పురాణమైపోయింది. మా బండి వాళ్లు పడి పడి నవ్వారు. కోపంతో ఉన్న యజమాని కూడా నవ్వాడు. ఆలస్యానికి చెప్పాల్సిన సంజాయిషీ అంతా ఆ నవ్వులో చెల్లిపోయింది. రాసుకొని వచ్చిన పాట ఈ పని చేయలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ల పొద్దంతా తెలిసినవాడికే ఇది సాధ్యం.

తర్వాత కట్నాలు. ఎవరు ఎంత ఇచ్చినా కథకుడు వాళ్ల పేరు, ఊరు చదివి దీవిస్తాడు. నేను ఇచ్చినప్పుడు నా పేరుతోపాటు మా నాయిన పేరు కూడా అడిగి చదివాడు. రేడియో ముందు చేతులు కట్టుకొని నిలబడిన మా నాయిన పేరు ఒగ్గు డోలు మీద మోగింది. తెల్లవారగట్ల పెళ్లి పూర్తయ్యాక కథకులు, పూనకమాడే శివసత్తులు పట్నం మీద అడుగులు వేసి, అంతసేపు కష్టపడి గీసిన ముగ్గును తొక్కి చెరిపేశారు. జనం ఆ రంగుపొడిని చిటికెడు చిటికెడు ఎత్తుకొని కొంగున కట్టుకున్నారు. మరునాడు సోమవారం గుడి తోటబావి దగ్గర పెద్దపట్నం, అగ్నిగుండాలు కూడా చూశాను. అక్కడి జనం లెక్కకు అందదు. కానీ నా మనసు టెంటు కింది రాత్రి దగ్గరే ఉండిపోయింది.

శ్రోతలారా, ఈ ప్రయాణం తర్వాత నాకు తోచిన మాట ఒకటుంది. ఒగ్గుకథకు ఇప్పుడు రెండు రకాల జనం ఉన్నారు. టెంటు కింది కుటుంబం మొదటి రకం. వాళ్లు కథకుడిని పిలుచుకున్నారు, ఆలస్యమైతే కోప్పడ్డారు, తెల్లారేదాకా కూర్చున్నారు. కథ వాళ్ల ఇంటి పని. నేను రెండో రకం. సభలో కుర్చీ వేసుకొని వినేవాణ్ని. ఈ రెండో రకాన్ని తయారు చేసింది సత్తయ్య వంటి పెద్దలు, ఈ రేడియో. అది మంచే అయింది. కులం గడప దాటి కథ లోకంలోకి వచ్చింది. కానీ సభ మీద కథకు ఇచ్చే సమయం ఎంత? పావుగంట, మహా అయితే అరగంట. పావుగంటలో ఆదిరెడ్డి బాధ పడడు, గుర్రం నాడా ఊడదు. పావుగంటలో నిలబడేది డోలు ఒక్కటే. అందుకే ఇప్పుడు ప్రభుత్వ సభల్లో, ఊరేగింపుల్లో, నాయకుల స్వాగతాల్లో ఎక్కడ చూసినా ఒగ్గు డోలు విన్యాసమే కనబడుతోంది. పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గొప్పగా డోలు కొడుతున్నారు, కొట్టనివ్వండి. డోలు చూసేవాళ్లు పెరిగారు, కథ వినేవాళ్లు తగ్గుతున్నారు. బండిలో వచ్చిన ఆ చిన్న డోలు పిల్లవాడిని నేను అడిగాను, కథ నేర్చుకుంటున్నావా అని. "ఎవరికి చెప్పాలె సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు కళాకారుల దగ్గర లేదు. మన దగ్గర ఉంది.

అభిమానులమని చెప్పుకునే మనం పాత కుటుంబాల బాధ్యతలో కొంతైనా నెత్తికెత్తుకోవాలి. అదేమంత పెద్ద పని కాదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలున్నాయి. భువనగిరి, ఆలేరు వాళ్లకు జనగామ, చేర్యాల మీదుగా కొమురవెల్లి ఒక పూట ప్రయాణం. హైదరాబాదు వాళ్లకు కరీంనగర్ రహదారి ఉంది. వరంగల్ వాళ్లకు ఐనవోలు మల్లన్న దగ్గరే ఉన్నాడు. పోయినవాళ్లు గుడి దర్శనం చేసుకొని తిరిగొచ్చేయకుండా, పట్నం వేసిన చోట అడిగి కూర్చోండి. ఎవరూ కాదనరు. ఫోన్లో తీసుకోవాలంటే ముందు కథకుడిని అడగండి. కథ మధ్యలో లేచి రాకండి. కట్నం ఇవ్వండి, పేరు చదివించుకోండి. పెళ్లికి, పుట్టినరోజుకు డీజే మాట్లాడుకునేవాళ్లు ఒక్కసారి ఒగ్గు బృందాన్ని మాట్లాడుకొని, డోలు మాత్రమే కాదు, కథ కూడా చెప్పమని అడగండి. ఒక్క ఘట్టమైనా మొదలు నుంచి చివర దాకా చెప్పించుకోండి. ఊళ్లో బడి ఉంటే, సంఘం ఉంటే, ఏడాదికి ఒక్క రాత్రి కథకు ఇవ్వండి.

మా వాడకట్టులో వచ్చే మాఘంలో ఒక రాత్రి కథ పెట్టించాలని పెద్దయ్య, నేను చందాలు పోగు చేస్తున్నాం. డ్రైవర్ తమ్ముడు డీజే డబ్బా బదులు కథకులకు మైకు తానే పెడతానన్నాడు. బయానా ఇవ్వడానికి పోయినప్పుడు కథకుడు ఒకే షరతు పెట్టాడు: తెల్లారేదాకా వినేవాళ్లుంటేనే వస్తానని. ఉంటామని మాటిచ్చి వచ్చాం. భువనగిరి చుట్టుపక్కల వాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటే, ఆ రాత్రికి మీరూ రండి. దుప్పటి తెచ్చుకోండి, మాఘం చలి సంగతి తెలుసు కదా.